ఎల్మరింగ్ సినిమాలో లేనివాళ్లు

మా అత్తగారు క్రెసెంజ్ పేకాటలో మోసం చేస్తుంది. ఊరందరికీ తెలుసు కాబట్టి ఆవిడతో ఎవరూ ఆడరు. ఆ ఏడాది ఎండాకాలంలో ఆవిడకు దొరికిన ఒకే ఒక్క జోడీ ఇలింకా.

ఇలింకా, ఆమె చెల్లెలు దోయినా రొమేనియా నుంచి జర్మనీలోని మా ఊరు ఎల్మరింగ్‌కు దోసకాయలు కోయడానికి వచ్చారు. ఊరగాయ సీసాల్లోకి పోయే చిన్న దోసకాయలు మా బావగారు ఆల్బన్ పొలాల్లో పండుతాయి. ట్రాక్టరుకు రెండు పక్కలా పొడుగాటి రెక్కలు కట్టి, వాటి మీద మనుషులను బోర్లా పడుకోబెట్టి, నేలకు జానెడు ఎత్తున మెల్లగా లాక్కుపోతారు. వాళ్లు చేతులు కిందికి చాచి కాయలు తెంపుతూ పోవాలి. దాన్ని మావాళ్లు విమానం అంటారు. పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా పొట్ట మీద పడుకునే ఆ పనికి ఎల్మరింగ్ మనిషి ఒక్కడూ పోడు. కానీ ఆ దోసకాయ లేకుండా ఒక్కడూ భోజనానికి కూర్చోడు.

ఆదివారం వాళ్లకు సెలవు. ఊరవతల వాగు దాటాక ఇనుప కంటెయినర్లలో వాళ్ల బస. అక్కడినుంచి నడిచి వచ్చి చర్చి ముందు ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని ఇళ్లకు ఫోన్లు చేసుకునేవాళ్లు. ఇలింకా మాత్రం మా హోటల్ వెనక గుమ్మంలోంచి నేరుగా వంటింట్లోకి వచ్చేది. కాఫీ తాగేది. అత్తయ్య అప్పటికే ముక్కలు కలిపి కూర్చునేది.

“అమ్మమ్మా, మీరు కూర్చున్న దిండు కింద ఒక రాజుగారికి ఊపిరాడట్లేదు. పాపం, బయటికి తియ్యండి.”

“చూశావా ఆఫ్రా, నా ఇంట్లో నా కాఫీ తాగుతూ నన్నే దొంగంటోంది! ఈ రొమేనియా వాళ్లను అసలు గడప తొక్కనివ్వకూడదు.”

“సరే, నేను వెళ్లిపోతాను. ఆట మీరు పిల్లితో ఆడుకోండి.”

“కూర్చోవే, కూర్చో. ముక్క వెయ్యి.”

జూలైలో మా మేయర్ రౌషర్ మొహం వెలిగిపోతూ హోటల్లోకి వచ్చాడు. దక్షిణ జర్మనీలోని చిన్న ఊళ్ల గురించి వారం వారం చూపించే టీవీ కార్యక్రమంలో ఎల్మరింగ్‌ను కూడా తీస్తారట. ఎన్నాళ్లనుంచో అందుకోసం వాళ్ల వెంటపడి తిరిగాడు. పొయ్యి పక్క బల్ల దగ్గర ఊరి పెద్దలు కూర్చునే చోట కూర్చుని ఒక్కొక్కరికీ పని అప్పగించాడు. బ్యాండు వాళ్లకు కొత్త టోపీలు. కిటికీ కిటికీకీ ఎర్ర పూలు. గుర్రాల ఊరేగింపు. దారులు కాయడానికి అగ్నిమాపక దళం. అంటే వేరే ఎవరో కాదు, ఊరి మగవాళ్లే. నా భర్త అన్సెల్మ్ అందులో చిన్న నాయకుడు.

“ఇంకొక్క మాట,” అన్నాడు రౌషర్, గొంతు కొంచెం తగ్గించి. “ఆ ఆదివారం ఫౌంటెన్ గట్టు ఖాళీగా ఉండాలి.”

“ఖాళీగా అంటే?” అన్నాను నేను, బీరు గ్లాసులు దించుతూ.

“అదే... ప్లాస్టిక్ చెప్పులు, ఫోన్లలో కేకలు, పొద్దుతిరుగుడు గింజల తొక్కలు... నాకు వాళ్ల మీద కోపమేం లేదమ్మా. కానీ మన ఊరు మన ఊరిలా కనబడాలి కదా?”

“నా మనుషుల్ని నాకొదిలెయ్యి,” అన్నాడు ఆల్బన్. “ఒక్క ఆదివారం కంటెయినర్లలో కూర్చుంటే అరిగిపోరు.”

“వాళ్లకున్న సెలవే ఆ ఒక్కరోజు, బావా.”

“వాళ్ల తరఫున మాట్లాడమని నిన్నెవరు పెట్టారు ఆఫ్రా? బీరు పొయ్యి.”

బల్లంతా నవ్వింది. అన్సెల్మ్ కూడా నవ్వాడు. అతను చెడ్డవాడు కాదు. ఎవరి కుక్క కాలికి ముల్లు గుచ్చుకున్నా నేల మీద చతికిలబడి అది తీసేదాకా లేవని మనిషి. అందుకే ఆ నవ్వుకు నాకు ఎక్కువ మండింది. వంటింట్లోకి వెళ్లి అత్తయ్యతో చెబితే ఆవిడా అంతే. “ఒక్కరోజుకేమైందే? వాళ్లు లేకపోతే గట్టు శుభ్రంగా ఉంటుంది.”

ఆ ఆదివారం ఎండ మాడ్చేసింది. గుర్రాల ఒంటి మీంచి చెమట ధారలు. పిల్లలకు తాతలనాటి బట్టలు తొడిగి నిలబెట్టారు, ఇద్దరు కళ్లు తిరిగి పడ్డారు. వాళ్లను ఎత్తుకుని నీడకు పరిగెత్తినవాళ్లు పదిమంది. మేయర్ ఫౌంటెన్ పక్కన నిలబడి కెమెరాతో అన్నాడు, “మా ఎల్మరింగ్‌లో కష్టంలో ఉన్నవాళ్లను ఎవరినీ ఒంటరిగా వదిలెయ్యం.” సరిగ్గా అప్పుడే చర్చి గంటలు మోగాయి. ఆ మాట మళ్లీ చెప్పించారు. మళ్లీ అంతే గట్టిగా చెప్పాడు.

టీవీ అమ్మాయి మా వంటింట్లోకీ వచ్చింది. పెనం మీద మాంసాన్ని, దోసకాయ ముక్కల గిన్నెను కెమెరాలో తీయించింది. “ఈ ఊళ్లో మీకు అన్నిటికంటే నచ్చేది ఏమిటండీ?” అని అడిగింది.

“మా వెనక గుమ్మం,” అన్నాను.

ఆమె నవ్వేసి, కెమెరా ఆపమని చెప్పింది.

వెనక బల్ల దగ్గర అత్తయ్య ముక్కలు కలుపుతూనే ఉంది. “ఏదీ ఆ పిల్ల?”

“ఇవాళ రానివ్వరు. మీరేగా ఒక్కరోజుకేమైందన్నారు.”

“అన్నాను. నా ఆట కూడా ఆపేస్తారని నాకెవరు చెప్పారు?”

ఊరేగింపు అయిపోయి కెమెరాలు సర్దుకున్నాక మగవాళ్లంతా పొయ్యి పక్క బల్ల దగ్గరికి చేరారు. అన్సెల్మ్ పొద్దున్నించీ వాగు వంతెన దగ్గర తాడు కట్టి కాపలా ఉన్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది. మొదటి గ్లాసు గటగటా తాగి, మూతి తుడుచుకుని అన్నాడు:

“ఒక తమాషా చెప్పనా? కంటెయినర్ల వైపునుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకత్తి పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతోంది. సరిగ్గా కెమెరా అటు తిరిగినప్పుడే! టీవీలో పడాలని ఎంత నటనో! సాయంత్రం రండమ్మా, అంతా అయ్యాక రండి అని నచ్చచెప్పి పంపించేశాను.”

“పొట్టనొప్పా?” అన్నాడు ఆల్బన్. “రోజంతా దాని మీదే పడుకుంటే నొప్పి పుట్టక పాట పుడుతుందా?”

నవ్వుతో బల్ల అదిరింది. నేను ఎంగిలి పళ్లాలు పట్టుకుని వంటింట్లోకి నడిచాను. వెనక గుమ్మంలో దోయినా నిలబడి ఉంది. చెప్పులు లేవు. వాగులోంచి వచ్చినట్టుంది, మోకాళ్లదాకా బురద.

“కారు ఉందా అమ్మా?” అంది. అంతకంటే ఇంకేమీ అనలేదు.

నేను తాళాలు తీసుకునేలోపే అత్తయ్య వచ్చి వెనక సీట్లో కూర్చుంది. వద్దన్నా దిగలేదు. కంటెయినర్లో ఇలింకా రెండు మంచాల మధ్య నేల మీద ముడుచుకుని ఉంది. మొహం బూడిదరంగు. లోపల ఇనుము కాలిపోతోంది. ఆమెను మోసుకొచ్చి కార్లో పడుకోబెడితే తల అత్తయ్య ఒళ్లోకి వచ్చింది. దారి పొడుగునా ఆవిడ ఆ తలను రెండు చేతులతో పట్టుకునే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి చూడగానే అందరినీ పరుగులు పెట్టించాడు. అపెండిక్స్ పగిలిపోయింది. మా వైపు తిరిగి, “ఎప్పటినుంచి నొప్పి?” అన్నాడు.

“పొద్దున్నించి,” అంది దోయినా.

“పొద్దున్నించా! మరి ఇంతసేపూ ఏం చేస్తున్నారు మీరు? అంబులెన్స్ పిలవలేరా?”

“యజమానికి ఫోన్ చేశాను. టీ తాగించి పడుకోబెట్టమన్నారు. అంబులెన్స్ పిలిస్తే ఇంటికి పంపేస్తారని మేస్త్రీ ఎప్పుడూ చెబుతాడు. అందుకని నడిచి వచ్చాం. వంతెన దాకా వచ్చాం. తాడు కట్టారు.”

“ఎవరు కట్టారు?”

“ఎవరో. యూనిఫాం వేసుకున్నాడు. మీసం ఉంది. తిట్టలేదు. మంచిగానే మాట్లాడాడు. నవ్వుతూ పంపించాడు.”

అత్తయ్య నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. బల్ల దగ్గర అన్సెల్మ్ చెప్పిన తమాషా ఇదే.

మర్నాడు పొద్దున అన్సెల్మ్ పెరట్లో గుడారం గుడ్డలు మడతపెడుతున్నాడు.

“వంతెన దగ్గర పొట్ట పట్టుకున్నది ఇలింకా,” అన్నాను.

“ఏ ఇలింకా?”

అతను నిజంగానే అడిగాడు. వేళాకోళం కాదు. ప్రతి ఆదివారం తన వంటింట్లో, తన కుర్చీలో కూర్చుని, తన తల్లితో పేకాడే మనిషి పేరు అతనికి తెలియదు.

“అమ్మతో ఆడే ఇలింకా. నిన్న ప్రాణం పోయేదే.”

“తలకు గుడ్డ కట్టుకుంది ఆఫ్రా. వంగి ఉంది. నాకెలా తెలుస్తుంది? నన్నక్కడ నిలబెట్టారు, నిలబడ్డాను. ఎవరినీ రానివ్వద్దన్నారు, రానివ్వలేదు.”

“తెలిసినదైతే రానిచ్చేవాడివా? తెలియని మనిషికి నొప్పి ఉండదా?”

“నువ్వు లాయరులా అడక్కు.”

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. “ఆసుపత్రికి పోయి ఆ పిల్లకు తప్పయిందని చెప్పు.”

“బతికింది కదా అమ్మా!”

ఆ తర్వాత ఊరంతా ఇదే మాట. రొట్టెల దుకాణంలో, చర్చి మెట్ల మీద, పోస్టు పెట్టె దగ్గర. బతికింది కదా. నేను ఎవరితో ఆ సంగతి ఎత్తినా ఆ రెండు ముక్కలే చేతిలో పెట్టి పంపేవాళ్లు. ఆమె బతికింది కాబట్టి తాడు లేదు, వంతెన లేదు, ఆ రోజు అసలు ఏమీ జరగలేదు. పోనీ, చచ్చిపోయి ఉంటే? అప్పుడూ ఏదో ఒక మాట తయారుగా ఉండేది వీళ్ల దగ్గర. రొమేనియావాళ్లు జబ్బు దాచిపెట్టుకుని వస్తారని అనేవాళ్లు. నాకు అనుమానమేం లేదు.

ఆసుపత్రి వాళ్లు కబురు పెట్టారేమో, ఎవరో అధికారులు వచ్చి కంటెయినర్లు చూసి వెళ్లారు. ఆ రోజే ఆల్బన్ మా వంటింట్లోకి దూసుకొచ్చాడు.

“ఇంటి గుట్టు వీధిలో పెట్టావు ఆఫ్రా! నేనేమన్నా డాక్టర్ని పిలవద్దన్నానా? ఆదివారం. ఎవడు దొరుకుతాడు? టీ తాగమన్నాను. అది కూడా నేరమేనా?”

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య ఉల్లిపాయలు తరిగే కత్తి బల్ల మీద పెట్టింది.

“ఈస్టరు ఆదివారం నీ ఆవు ఈనలేక పడి కొట్టుకుంటే ఏం చేశావురా?”

“అదెందుకిప్పుడు?”

“పశువుల డాక్టర్ని భోజనం దగ్గర్నుంచి లేపి ఈడ్చుకొచ్చావు. ఆవుకు టీ పట్టలేదు కదా?”

ఆల్బన్ తల్లి మొహంలోకి చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ గడప మళ్లీ తొక్కలేదు.

ఆగస్టులో ఇలింకాను ఆసుపత్రినుంచి మా మేడమీది గదికి తెచ్చాం. రొమేనియా దాకా బస్సులో కూర్చునే ఓపిక ఇంకా రాలేదు. అత్తయ్య తన కొత్త రాత్రిగౌను ఇచ్చి, “నేను చచ్చినప్పుడు తొడగడానికి దాచుకున్నది. పాడుచెయ్యకు,” అంది. అన్సెల్మ్ ఆ గది వైపు వెళ్లేవాడు కాదు. భోజనం వేళకు కూడా ఏదో పని కల్పించుకునేవాడు.

ఒక సాయంత్రం పని అయ్యాక దోయినా అక్కను చూడటానికి వచ్చింది. చేతిలో రేగుపళ్లంత పసుపు ప్లమ్ పళ్ల సంచి. వంటింట్లో అన్సెల్మ్ కాఫీ తాగుతున్నాడు. మనిషి రాగానే అలవాటుగా లేచి, కుర్చీ జరిపి, “కూర్చోండి,” అన్నాడు నవ్వుతూ.

దోయినా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ నవ్వును చూసింది. మీసాన్ని చూసింది. నా వైపు తిరిగింది.

“ఈయన ఎవరమ్మా?”

“మా ఆయన,” అన్నాను.

ఆమె తల ఊపింది. సంచి గట్టు మీద పెట్టి, బయటికి వెళ్లి, పెరటి మెట్ల మీదుగా పైకి ఎక్కింది. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఆ మెట్లమీంచే వచ్చింది. వంటింట్లో అడుగుపెట్టలేదు.

అన్సెల్మ్ తాను జరిపిన కుర్చీని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. కాఫీ చల్లారిపోయింది. పారబోసి, కప్పు కడిగి బోర్లించాడు.

మర్నాడు ఇలింకాకు భోజనం తనే తీసుకెళ్లాడు. నేను మెట్ల దగ్గర దుప్పట్లు మడతపెడుతున్నాను. మాటలు వినబడ్డాయి.

“ఆ రోజు వంతెన దగ్గర... అది నేనే.”

“తెలుసు. చెల్లి చెప్పింది.”

“నేను గుర్తుపట్టలేదు. నేను...”

“పళ్లెం అక్కడ పెట్టండి,” అంది ఇలింకా. “డాక్టరు నన్ను బరువులు ఎత్తొద్దన్నారు. ఆ కిటికీ బిగుసుకుపోయింది, కొంచెం తెరుస్తారా?”

కిటికీ కిర్రుమన్న చప్పుడు విన్నాను. క్షమించానని ఆమె అనలేదు. అతను కిందికి దిగి వచ్చి, యూనిఫాం తీసి సంచిలో పెట్టి, అగ్నిమాపక కేంద్రంలో అప్పగించి వచ్చాడు. ఎందుకని నేను అడగలేదు.

దోసకాయల పని అయిపోయాక అక్కచెల్లెళ్లిద్దరూ బస్సెక్కారు. అక్టోబరులో టీవీ వాళ్లు తాము తీసిన సినిమాను ముందుగా ఊరికి చూపిస్తామన్నారు. మేయర్ మా హాలు అడిగాడు. నేను ఇవ్వనన్నాను.

“ఇద్దాం,” అన్నాడు అన్సెల్మ్. “నేను చూడాలి.”

హాలు కిటకిటలాడింది. తెర మీద మా ఊరు నిజంగానే అందంగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? పూలు, గుర్రాలు, గంటలు. నా మాంసం వేగుతుంటే అందరూ లొట్టలు వేశారు. దోసకాయ గిన్నె వచ్చింది. అది ఎవరు తెంపారో రాలేదు. కష్టంలో ఎవరినీ వదిలెయ్యం అని మేయర్ అనగానే చప్పట్లు. తర్వాత వాగు వచ్చింది, దాని మీద వంతెన. వెనక బ్యాండు సంగీతం మెత్తగా మోగుతోంది. యూనిఫాంలో అన్సెల్మ్ కెమెరాకు సలాం కొట్టాడు. అతని భుజం వెనక, తెర అంచున, ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె సగానికి వంగి ఉంది. రెండో ఆమె చేతులు జోడించి ఏదో అంటోంది. అన్సెల్మ్ వాళ్ల వైపు తిరిగి, నవ్వుతూ, చెయ్యి ఊపి వెళ్లమన్నాడు. వాళ్లు వెనక్కి తిరిగారు. తర్వాత వాగులో బాతులు.

అందరూ చూశారు. చూశారని నాకు తెలుసు, ఎందుకంటే ఒక్కరూ పక్కవాళ్ల మొహం చూడలేదు.

అన్సెల్మ్ లేచి నిలబడ్డాడు. “అది నేను,” అన్నాడు.

“నువ్వే! యూనిఫాంలో భలే ఉన్నావు!” అన్నాడు మేయర్, మాట తేలిక చేస్తూ.

“నా వెనక వంగినది ఇలింకా.”

మేయర్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వేం దిగులు పెట్టుకోకు. వాళ్లతో మాట్లాడతాను. ఆ కాస్త ముక్క తీసేయిస్తాను.”

“తీయించొద్దు,” అన్నాడు అన్సెల్మ్. “ఉండనివ్వు రౌషర్. అంత అందంగా చూపించారు, అది కూడా ఉండనివ్వు.”

తీసేశారు. టీవీలో వచ్చినప్పుడు వంతెన మీద ఎవరూ లేరు. అన్సెల్మ్ కూడా లేడు. బాతులు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు ఆ సినిమా ఊరికి వచ్చిన ప్రతి అతిథికీ మునిసిపల్ ఆఫీసులో వేసి చూపిస్తారు.

పొయ్యి పక్క బల్లవాళ్లు ఆట మైదానం దగ్గరున్న క్లబ్బుకు మకాం మార్చారు. మంచిదే అనుకున్నాను. అక్కడ బీరు పలచన.

ఇలింకా మళ్లీ రాలేదు. తన ఊళ్లో ఏదో బడి వంటశాలలో పని దొరికిందని అత్తయ్యకు ఫోన్ చేసి చెప్పింది. ఫోన్లో కూడా ఇద్దరూ పోట్లాడుకున్నారు. దోయినా మాత్రం మరుసటి ఎండాకాలం వచ్చింది, వేరే రైతు దగ్గరికి. సాయంత్రాలు సైకిలు మీద మా హోటల్ ముందునుంచే వెళుతుంది. అన్సెల్మ్ ఆ వేళకు వాకిట్లోకి వచ్చి నిలబడతాడు. ఆమె కనబడగానే టోపీ తీసి, “నమస్తే దోయినా,” అంటాడు. పేరు తప్పకుండా అంటాడు.

ఆమె తల తిప్పదు. తొక్కుకుంటూ వెళ్లిపోతుంది.

“ఎన్నాళ్లిలా నిలబడతావురా? పొగరుబోతు పిల్ల, పలకదు,” అంటుంది అత్తయ్య.

“పలక్కపోతే పలక్కపోనీ అమ్మా,” అంటాడు.

నాకైతే ఆమె పలకకపోవడమే సరిగ్గా ఉందనిపిస్తుంది. ఆ మాట అతనితో అన్నాను కూడా. తనకూ అలాగే ఉందన్నాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు.